మేకప్ పొడులు: లూజ్ పౌడర్‌లో ఒకలా, క్రీమ్‌లో మరోలా ఎందుకు పనిచేస్తాయి, ఎలా కలపాలి

తెల్ల కాగితం మీద ఒక చుక్క నూనె వేసి చూడండి. నూనె పడ్డ చోట కాగితం వెనకున్న అక్షరాలు కనిపిస్తాయి. కాగితం మారలేదు. దాని పీచుల మధ్య ఉన్న గాలి పోయి, ఆ చోట్లోకి నూనె వచ్చింది, అంతే. మేకప్‌లో పడే ప్రతి పొడికీ జరిగేది ఇదే. డబ్బాలో పాలలా తెల్లగా ఉన్న టాల్క్ నూనెలో కలపగానే దాదాపు మాయమవుతుంది. ముఖానికి పొద్దున సరిగ్గా కుదిరిన షేడ్ మధ్యాహ్నానికి ఒక మెట్టు ముదురుతుంది. ఇవన్నీ ఒకే కారణం నుంచి పుట్టినవే: పొడి రేణువు చుట్టూ గాలి ఉందా, నూనె ఉందా?

లూజ్ పౌడర్‌లో రేణువుల చుట్టూ ఉండేది గాలి. క్రీమ్‌లో నూనె. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే ఏ పొడిని ఎక్కడ, ఎంత వాడాలో చాలావరకు ముందే ఊహించవచ్చు. క్రీమ్ ఫార్ములాలోని నూనెలు తీసేస్తే పౌడర్ అవుతుందనీ, పౌడర్‌లో నూనె పోస్తే క్రీమ్ అవుతుందనీ అనుకుని మొదలుపెట్టినవాళ్ళకు రెండూ చెడతాయి.

కాంతి లెక్క

కాంతి ఒక పదార్థం నుంచి మరో పదార్థంలోకి వెళ్ళేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య వక్రీభవన గుణకం. రేణువుకూ దాని చుట్టూ ఉన్నదానికీ మధ్య ఈ సంఖ్యలో తేడా ఎక్కువైతే కాంతి బాగా చెదురుతుంది, పొడి తెల్లగా, కప్పేసేలా కనిపిస్తుంది. తేడా తగ్గేకొద్దీ పారదర్శకమవుతుంది.

గాలికి ఈ సంఖ్య 1.00. మేకప్‌లో వాడే నూనెలకూ, చర్మం మీది జిడ్డుకూ సుమారు 1.45 నుంచి 1.48. సిలికా 1.46. టాల్క్, మైకా, కేయోలిన్ 1.55 నుంచి 1.60 మధ్య. జింక్ ఆక్సైడ్ 2.0. టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ రకం 2.5, రూటైల్ రకం 2.7.

ఇప్పుడు లెక్క చూడండి. టాల్క్‌కూ గాలికీ తేడా 0.6 దాకా ఉంటుంది, కాబట్టి పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపిస్తుంది. నూనెలో ఆ తేడా 0.1కి పడిపోతుంది. సిలికాకు నూనెలో తేడా దాదాపు సున్నా, అందుకే అది కంటికే కనపడదు. టైటానియం డయాక్సైడ్ మాత్రం నూనెలో కూడా 1.0కి పైగా తేడా నిలుపుకుంటుంది. క్రీమ్‌లో మచ్చలను కప్పే పని దాదాపు మొత్తం టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ల మీదే పడటానికి కారణం ఇదే. కవరేజ్ చాలలేదని క్రీమ్‌లో మైకానో కేయోలినో పెంచితే క్రీమ్ గట్టిపడుతుంది తప్ప కప్పే శక్తి పెరగదు.

రేణువు పరిమాణం కూడా ముఖ్యమే. టైటానియం డయాక్సైడ్ 200 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉన్నప్పుడు కంటికి కనిపించే కాంతిని గరిష్ఠంగా చెదరగొడుతుంది. కొనేటప్పుడు పిగ్మెంట్ (రంగుపొడి) గ్రేడ్ అని అడిగి తీసుకోండి. సన్‌స్క్రీన్ కోసం చేసిన నానో గ్రేడ్ ఫౌండేషన్‌లో వాడితే కప్పదు సరికదా, ముదురు చర్మం మీద నీలి ఛాయ తేలుతుంది.

ఏ పొడి ఏం చేస్తుంది

సెరిసైట్ అనేది మెత్తటి మైకా, అంటే అభ్రకం. రేణువులు పలుచని రేకుల్లా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి జారుతూ చర్మానికి పరుచుకుంటాయి. కొంచెం మెరుపు ఉంటుంది, చర్మానికి ప్రాణమున్నట్టు కనిపించేది దానివల్లే. టాల్క్ కూడా రేకుల రకమే, ఇంకా మెత్తన, మెరుపు తక్కువ. టాల్క్ వాడదలిస్తే ఆస్‌బెస్టాస్ లేదని పరీక్షించిన ధ్రువపత్రం ఉన్న కాస్మెటిక్ గ్రేడ్ మాత్రమే వాడాలి. 2024 జూలైలో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను మనుషులకు బహుశా కేన్సర్ కారకం అనే 2ఏ వర్గంలో చేర్చింది. కింది ఫార్ములాల్లో టాల్క్ లేకుండా సెరిసైట్ పెట్టింది అందుకే. దానివల్ల జారుడు కొద్దిగా తగ్గుతుంది. ఆ లోటును బోరాన్ నైట్రైడ్ తీరుస్తుంది. అదీ రేకులే, వెన్నలా జారుతుంది.

కేయోలిన్ తెల్ల బంకమట్టి. జిడ్డును, తడిని పీలుస్తుంది, చర్మానికి బాగా అతుక్కుంటుంది, మెరుపును చంపుతుంది. 15 శాతం దాటితే ముఖం బిగుసుకున్నట్టు, సున్నం వేసినట్టు ఉంటుంది.

సిలికా మైక్రోస్పియర్లు 2 నుంచి 20 మైక్రాన్ల గుండ్రటి పూసలు. చాలా రకాలు లోపల గుల్లగా, రంధ్రాలతో ఉంటాయి. చర్మం మీద చిన్న గోలీల్లా దొర్లుతాయి, అందుకే ఆ పట్టులాంటి స్పర్శ. కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టి గీతలను, రంధ్రాలను మసకబరుస్తాయి. కొనేది అమార్ఫస్ సిలికా అని చూసుకోవాలి, స్ఫటిక రూపంలోది పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. నైలాన్-12, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసలు కూడా ఈ కోవలోవే. నైలాన్ మెత్తన ఎక్కువ, పీల్చేది తక్కువ.

మెగ్నీషియం స్టియరేట్, జింక్ స్టియరేట్ లూజ్ పౌడర్‌ను చర్మానికి అంటించే జిగురులాంటివి, చెమటకు కొంత అడ్డు కూడా. 3 నుంచి 8 శాతం చాలు. క్రీమ్‌లో వీటితో పనిలేదు. అక్కడ అతికించే పని నూనెలు, మైనాలు చేస్తున్నాయి, స్టియరేట్ వేస్తే వేడిలో నూనెను చిక్కబరిచి పోయడాన్ని కష్టం చేస్తుంది.

పిండి పదార్థాలు, అంటే మొక్కజొన్న పిండి, బియ్యపు పిండి లాంటివి, తేమను పీలుస్తాయి. చేతికి హాయిగా ఉంటాయి. కానీ తడి తగిలితే ఉండ కడతాయి, సూక్ష్మజీవులకు మేత అవుతాయి. వాడాలనుకుంటే నూనె ఇష్టపడేలా మార్చిన అల్యూమినియం స్టార్చ్ ఆక్టెనైల్‌సక్సినేట్ వాడటం మేలు.

రంగునిచ్చేవి ఐరన్ ఆక్సైడ్లు: పసుపు, ఎరుపు, నలుపు. అమ్మే బ్రౌన్ సాధారణంగా ఈ మూడింటి మిశ్రమమే. పసుపు ఐరన్ ఆక్సైడ్‌లో నీరు బంధించి ఉంటుంది. బాగా ఎక్కువ వేడికి అది నీటిని వదిలి ఎర్రగా మారుతుంది. క్రీమ్ తయారీలో మనం వాడే 90 డిగ్రీలు దానికి ఏమీ చేయవు, కానీ పాత్రను నేరుగా మంట మీద పెట్టకూడదు, అడుగున వేడి అదుపులో ఉండదు. చిత్రలేఖనానికో, సిమెంటుకో అమ్మే ఆక్సైడ్లు ఎంత చవకైనా వాడకండి. వాటిలో సీసం, ఆర్సెనిక్ ఎంతుందో ఎవరూ కొలిచి ఉండరు.

ముత్యపు మెరుపు పిగ్మెంట్లు మైకా రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పలుచని పూత వేసినవి. ఆ పూత మందాన్నిబట్టే మెరుపు రంగు మారుతుంది. వీటిని నూరితే రేకులు విరిగి, పూత ఊడి, బూడిదలా మిగులుతుంది. ఎప్పుడూ చివర్లో, చేత్తో కలపాలి.

పూత వేసిన పిగ్మెంట్లు ఎందుకు

మామూలు టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ల ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది. నూనెలో వేస్తే వాటిలో అవి గుంపు కట్టి గడ్డలవుతాయి. గాల్లో ఉంచితే తేమను లాక్కుంటాయి. అందుకే తయారీదారులు ట్రైఎథాక్సీ కాప్రిలైల్‌సిలేన్, డైమెథికోన్, లారాయిల్ లైసిన్ లాంటివాటితో పైపూత వేసి అమ్ముతారు. క్రీమ్‌కైతే సిలేన్ పూత ఉన్నవి నూనెలో సులువుగా విడిపోతాయి, అదే బరువుకు తక్కువ నూనె తాగుతాయి. లూజ్ పౌడర్‌కు లారాయిల్ లైసిన్ పూత ఉన్నవి చర్మం మీద క్రీములా జారతాయి. ధర ఎక్కువే, అయినా క్రీమ్ విషయంలో మాత్రం ఇక్కడ ఆదా చేయొద్దు. పూతలేని పిగ్మెంటును ఎంత నూరినా రెండు వారాల్లో మళ్ళీ గుంపు కట్టే అవకాశం ఉంది.

నూనె ఎంత తాగుతుందో కొలవడం

క్రీమ్ చేయాలనుకునేవాళ్ళు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన పరీక్ష ఇది. పది నిమిషాల పని.

1. గాజు పలక మీద 5 గ్రా. పొడి తూచి పోయండి.
2. మీరు వాడబోయే నూనెను డ్రాపర్ సీసాలో నింపి, సీసా బరువు రాసుకోండి.
3. ఒక్కో చుక్క వేస్తూ సన్నని స్పాచులాతో గట్టిగా రుద్దుతూ కలపండి. మొదట పొడి ఇసుకలా, తర్వాత తడి ఇసుకలా మారుతుంది.
4. రాలకుండా, పలకను తుడిచినప్పుడు ఒకే ముద్దగా అంటుకుని లేచే ఘడియ వస్తుంది. అక్కడ ఆపండి. ఒక్క చుక్క ఎక్కువైనా ముద్ద జారిపోతుంది.
5. సీసాను మళ్ళీ తూచి, తగ్గిన బరువును 20తో గుణించండి. 100 గ్రా. పొడి తాగే నూనె అంత.

టైటానియం డయాక్సైడ్‌కు ఇది సాధారణంగా 20 చుట్టుపక్కల, కేయోలిన్, సెరిసైట్లకు 40 నుంచి 60 మధ్య వస్తుంది. రంధ్రాలున్న సిలికాకు 100 దాటి కూడా పోవచ్చు. రకాన్నిబట్టి ఎంతో తేడా ఉంటుంది కాబట్టి పుస్తకంలోని అంకె కాక మీ సంచిలోని పొడి అంకె ముఖ్యం.

క్రీమ్‌లో ఒక్కో పొడి బరువును దాని అంకెతో గుణించి, 100తో భాగించి, అన్నీ కూడండి. అంత నూనె పొడుల్లోకే పోతుంది. ముఖం మీద క్రీమ్ జారాలంటే దానికి పైన కనీసం 20 గ్రా. అయినా వదులు నూనె ఉండాలి. లేకపోతే వేలికి లాగినట్టు, ముఖానికి పట్టీలు పట్టినట్టు ఉంటుంది. 8 గ్రా. సిలికాను 14కి పెంచడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, అది ఆరేడు గ్రాముల నూనెను మింగేసి మెత్తటి క్రీమ్‌ను సుద్దముక్క చేస్తుంది.

లూజ్ పౌడర్: 100 గ్రా.

సెరిసైట్ 52, సిలికా మైక్రోస్పియర్లు 12, కేయోలిన్ 10, జింక్ ఆక్సైడ్ 8, మెగ్నీషియం స్టియరేట్ 6, బోరాన్ నైట్రైడ్ 5, టైటానియం డయాక్సైడ్ 4, ఐరన్ ఆక్సైడ్లు 2, స్క్వాలేన్ అనే తేలికైన నూనె 1.

మధ్యస్థ చామనఛాయకు ఆ 2 గ్రా. ఐరన్ ఆక్సైడ్లను పసుపు 1.2, ఎరుపు 0.5, నలుపు 0.3గా మొదలుపెట్టండి. తూకానికి 0.01 గ్రా. చూపించే త్రాసు కావాలి. నలుపులో 0.1 గ్రా. తేడా కూడా కంటికి తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఫ్యాను ఆపండి. ఈ రేణువులు చాలా చిన్నవి, పీల్చడానికి కాదు.

మొదట ఐరన్ ఆక్సైడ్లు మూడూ, 10 గ్రా. సెరిసైట్ కలిపి గ్రైండర్‌లో వేయండి. 10 సెకన్లు తిప్పి ఆపి, గోడలకు అంటింది గీకి, మళ్ళీ తిప్పండి. ఇలా నాలుగైదు సార్లు. మూత తీసే ముందు రెండు నిమిషాలు ఆగండి, లోపలి ధూళి అణగాలి. ఆక్సైడ్లను ఒంటిగా కాక సెరిసైట్‌తో కలిపి నూరడంలో కిటుకు ఉంది: చిన్న చిన్న రంగు గడ్డలు మెత్తటి రేకుల మధ్య రాపిడికి విడిపోతాయి, విడిపోయినవి మళ్ళీ అంటుకోకుండా రేకులు అడ్డుపడతాయి.

పరీక్ష ఇలా చేయాలి. చిటికెడు పొడిని తెల్ల కాగితం మీద వేసి స్పాచులాతో గట్టిగా ఒత్తి లాగండి. లాగిన చోట ఎర్రటి చారో, పసుపు చారో కనిపిస్తే ఇంకా నూరాలి. చార లేకుండా ఒకే రంగు వచ్చేదాకా ముందుకు వెళ్ళకండి. ఇక్కడ తొందరపడితే ఆ చార తర్వాత ముఖం మీద తేలుతుంది.

తర్వాత టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్, కేయోలిన్ వేసి మూడు సార్లు తిప్పండి. ఆపై మెగ్నీషియం స్టియరేట్. ఇప్పుడు స్క్వాలేన్‌ను చుక్కలు చుక్కలుగా, ఒకే చోట కాకుండా పొడి అంతటా పడేలా వేసి మళ్ళీ తిప్పండి. సిలికా వేయకముందే నూనె వేయడం ముఖ్యం. సిలికా ముందుంటే ఆ ఒక్క గ్రాము నూనెనూ అదే తాగేస్తుంది, పిగ్మెంట్లకు, కేయోలిన్‌కు ఏమీ దక్కదు, పొడి ధూళిలా ఎగురుతుంది.

చివరికి మిగిలిన సెరిసైట్, సిలికా, బోరాన్ నైట్రైడ్. నూరిన రంగు పొడికి సమానంగా తెల్ల పొడి తీసుకుని కలపండి, ఆ మొత్తానికి మళ్ళీ సమానంగా తీసుకుని కలపండి. ఒకేసారి గుమ్మరిస్తే రంగు సమంగా పరుచుకోదు. ఈ దశలో గ్రైండర్‌ను ఎక్కువగా తిప్పకూడదు, గుల్ల పూసలు పగులుతాయి. రెండుసార్లు చిన్న విసురు చాలు. తర్వాత 100 నుంచి 150 మైక్రాన్ల జల్లెడ పట్టండి. జల్లెడ మీద మిగిలిన గడ్డలను వేలితో నలిపి దూర్చకండి, మళ్ళీ నూరండి.

షేడ్‌ను వెంటనే తేల్చేయొద్దు. పొడిని చేతి వెనక రుద్ది, పక్కనే ఇంకోచోట ఒక చుక్క స్క్వాలేన్ మీద అదే పొడి రుద్ది చూడండి. రెండోది కొన్ని గంటల తర్వాత ముఖం మీద కనిపించబోయే రంగు. మేకప్ ఆక్సిడైజ్ అయిందని అంటుంటారు గానీ ఐరన్ ఆక్సైడ్ అప్పటికే ఆక్సైడు, దానికి ఇంకా ఆక్సీకరణ ఏముంటుంది? ముఖం మీద జరిగేది ఎక్కువగా ఇదే: గాలి పోయి జిడ్డు చేరడం. తడిసిన ఇసుక ముదురుగా కనిపించినట్టే. కాబట్టి జిడ్డు చర్మానికి పొడిని ఒక మెట్టు లేతగా చేయడం సరైన లెక్క.

ఇది సెట్టింగ్ పౌడర్ ఫార్ములా, అంటే క్రీమ్ మీద వేసి దాన్ని కదలకుండా పట్టేది. మచ్చలు కప్పే మినరల్ ఫౌండేషన్ కావాలంటే టైటానియం డయాక్సైడ్‌ను 15 నుంచి 20కి, ఐరన్ ఆక్సైడ్లను 6 నుంచి 8కి పెంచి, ఆ మేరకు సెరిసైట్ తగ్గించండి. ముఖానికి వాడే లూజ్ పౌడర్‌లో పిగ్మెంట్ గ్రేడ్ టైటానియం డయాక్సైడ్ 25 శాతం దాటకూడదని ఐరోపా సమాఖ్య 2021లో నియమం పెట్టింది. దాన్ని గీతగా పెట్టుకోవడం ఎక్కడున్నా మంచిదే.

ముదురు చర్మానికి చేసేటప్పుడు చాలామంది చేసే తప్పు, అదే ఫార్ములాలో నలుపు పెంచడం. టైటానియం తెలుపు, నలుపు కలిస్తే వచ్చేది నీలి బూడిద రంగు. ముఖం జేగురుకు బదులు బూడిద పూసినట్టు అవుతుంది. ముందు తెలుపు తగ్గించాలి: టైటానియం 1, జింక్ 3కి దించండి. అప్పుడు ఎరుపు, పసుపు పెంచండి. నలుపు చివర్లో, 0.05 గ్రా. చొప్పున.

క్రీమ్ ఫౌండేషన్: 100 గ్రా., నీరు లేనిది

నూనెలు: కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిసరైడ్ 27, స్క్వాలేన్ 12, ఆముదం 8.
మైనాలు: తేనెమైనం 5, కాండెలిల్లా 3, కార్నౌబా 1.5.
పిగ్మెంట్లు నూనెలో విడిపోవడానికి తోడ్పడే ఎస్టర్: పాలీగ్లిసరిల్-3 డైఐసోస్టియరేట్ 2.
పొడులు: టైటానియం డయాక్సైడ్ 12, సెరిసైట్ 12, సిలికా మైక్రోస్పియర్లు 8, ఐరన్ ఆక్సైడ్లు 5, కేయోలిన్ 4.
విటమిన్ ఇ 0.5.

ఐరన్ ఆక్సైడ్లను పసుపు 3.1, ఎరుపు 1.2, నలుపు 0.7తో మొదలుపెట్టండి. ముదురు చర్మానికి టైటానియం 5, ఐరన్ ఆక్సైడ్లు 12గా మార్చండి. రెండూ కలిపి 17 గ్రా. దగ్గరే ఉంచితే క్రీమ్ గట్టిదనం పెద్దగా మారదు.

మొదటి పని పిగ్మెంట్ పేస్ట్. టైటానియం, ఐరన్ ఆక్సైడ్లను, మొత్తం ఆముదాన్ని, 9 గ్రా. ట్రైగ్లిసరైడ్‌ను, పాలీగ్లిసరిల్ ఎస్టర్‌ను కల్వంలో వేసి నూరండి. ఆముదం ఎందుకంటే దాని అణువుల్లో ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు పిగ్మెంట్ ఉపరితలాన్ని పట్టుకుని బాగా తడుపుతాయి. చిక్కగా ఉండటం వల్ల నూరేటప్పుడు రాపిడి కూడా గడ్డల దాకా చేరుతుంది. పల్చటి నూనెలో నూరితే గడ్డలు తప్పించుకుని తేలుతూ తిరుగుతాయి. చేత్తో అయితే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మూడు రోలర్ల మిల్లు ఉంటే రెండు మూడు సార్లు పంపితే సరిపోతుంది. రెండు గాజు పలకల మధ్య కొద్దిగా పేస్ట్ పెట్టి నొక్కి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చుక్కలు కనిపించకూడదు.

ఈలోపు మైనాలను, మిగిలిన నూనెలను వేడినీటి పాత్రలో పెట్టిన గిన్నెలో కరిగించండి. కాండెలిల్లా 70 డిగ్రీల దగ్గర, తేనెమైనం 62 నుంచి 65 మధ్య కరుగుతాయి. కార్నౌబాకు 82 నుంచి 86 కావాలి. కాబట్టి గిన్నె లోపల 88 డిగ్రీలు చేరి, అంతా అద్దంలా తేటపడేదాకా ఆగండి. కార్నౌబా సగం కరిగి మిగిలితే చల్లారాక క్రీమ్‌లో ఇసుక రేణువుల్లా తగులుతుంది. ఆ గరుకుదనానికి కారణం పొడులనుకుని మళ్ళీ నూరుతూ కూర్చుంటారు చాలామంది.

పేస్ట్‌ను కరిగిన మైనంలో కలిపి, 80 నుంచి 85 డిగ్రీల మధ్య ఉంచుతూ సెరిసైట్, కేయోలిన్, చివరగా సిలికా కొద్దికొద్దిగా వేయండి. గాలి చొరకుండా గరిటెను అడుగున తిప్పాలి. 15 నిమిషాలు అదే వేడిలో వదిలితే బుడగలు పైకి వస్తాయి. మంట తీసేసి విటమిన్ ఇ కలపండి. ఐరన్ ఆక్సైడ్లు నూనెలు కంపు కొట్టడాన్ని వేగిరం చేయగలవు, అందుకే సులువుగా పాడవని నూనెలు తీసుకోవడం, పైగా విటమిన్ ఇ వేయడం.

70 నుంచి 75 డిగ్రీల దగ్గర, అంచుల్లో పొర కట్టకముందే, కలుపుతూ కలుపుతూ పోయండి. ఇక్కడ బరువుల సంగతి వస్తుంది. ఒక ఘన సెంటీమీటరు ఐరన్ ఆక్సైడ్ 4 నుంచి 5 గ్రాములు, టైటానియం 4 గ్రాముల పైన, నూనె 0.9. మరీ వేడిగా, పల్చగా ఉన్నప్పుడు పోసి వదిలేస్తే రంగు అడుగుకు దిగి పైన నూనె పొర మిగులుతుంది. మరీ చల్లబడ్డాక పోస్తే పైన ముడతలు, లోపల గుంటలు. డబ్బాలను కొద్దిగా వెచ్చబెట్టి పోస్తే అంచుల నుంచి బిగుసుకుపోయి మధ్యలో గుంట పడే బెడద తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా గదిలోనే, కదపకుండా చల్లారనివ్వండి. 24 గంటల తర్వాతే స్పర్శ తేల్చాలి.

తడి వేళ్ళు ముంచితే నీరు లేని క్రీమ్ కూడా పాడవుతుంది. పొడి స్పాచులాతో తీసుకోవాలి, ఇతరులకు ఇచ్చేదైతే నూనెలో కరిగే ప్రిజర్వేటివ్ తప్పనిసరి.

జింక్ ఆక్సైడ్ ఈ ఫార్ములాలో లేకపోవడం పొరపాటు కాదు. అది స్వేచ్ఛగా ఉన్న కొవ్వు ఆమ్లాలతో కలిసి జింక్ సబ్బులు ఏర్పరుస్తుంది, తేనెమైనంలో అలాంటి ఆమ్లాలు ఉంటాయి. మొదటి వారం బాగున్న క్రీమ్ నెల తిరిగేసరికి గట్టిపడుతుంది. పొడిగా ఉన్న లూజ్ పౌడర్‌లో ఈ గొడవ లేదు.

సిలికా గురించి ఒక మాట

జిడ్డును అదుపు చేయడానికి క్రీమ్‌లో సిలికా వేశామని డబ్బాల మీద రాయడం మామూలే. నూనె క్రీమ్‌లో ఆ మాట నిలవదు. సిలికా రంధ్రాలు డబ్బాలోనే క్రీమ్ నూనెతో నిండిపోతాయి. ముఖం మీద జిడ్డు వచ్చే వేళకు వాటిలో చోటు లేదు. క్రీమ్‌లో సిలికా చేసే అసలు పని వేరు: క్రీమ్‌ను చిక్కబరచడం, వేళ్ళకు పూసల జారుడు ఇవ్వడం, పలుచగా పూసినప్పుడు పొర పైకి పూసల తలలు పొడుచుకువచ్చి మెరుపు తగ్గించడం. నిజంగా జిడ్డు పీల్చాల్సినది పైన వేసే లూజ్ పౌడరే, దానిలో రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి.

ఆవిరయ్యే సిలికోన్ నూనెలతో చేసే క్రీమ్-టు-పౌడర్ రకాలు దీనికి మినహాయింపు. పూసిన కొద్ది నిమిషాల్లో ఆ నూనె ఎగిరిపోతుంది, రంధ్రాలు తిరిగి ఖాళీ అవుతాయి. అందుకే అవి ఆరాక పౌడర్‌లా అనిపిస్తాయి, పొడి చర్మం మీద పొట్టు లేచినట్టూ కనిపిస్తాయి.

ఏది చెడితే ఎక్కడ చూడాలి

ఫొటోలో ముఖం తెల్లగా వెలిగితే: లూజ్ పౌడర్‌లో సిలికా ఎక్కువ, లేదా ఎక్కువగా వేశారు. కంటికి పారదర్శకంగా ఉన్నా, చుట్టూ గాలి ఉన్న సిలికా ఫ్లాష్ వెలుగును నేరుగా కెమెరా వైపు తిప్పికొడుతుంది. సిలికాను 5కి దించి ఆ మేరకు సెరిసైట్ పెంచండి, కొంచెం ఐరన్ ఆక్సైడ్ తప్పకుండా ఉంచండి.

పౌడర్ గంటలోనే జారిపోతే: స్టియరేట్ తక్కువ. 2 గ్రా. పెంచి చూడండి. 10 దాటితే పఫ్‌కే అంటుకుని ముఖం మీద మైనపు మచ్చలు పడతాయి.

డబ్బాలో పౌడర్ ఉండ కడితే: నూనె ఒకే చోట పడింది, లేదా పూతలేని పిగ్మెంట్ తేమ లాగింది. మళ్ళీ నూరి జల్లించండి.

క్రీమ్ మీద నూనె చెమట బొట్లు: మైనపు స్ఫటికాల వల నూనెను పట్టుకోలేకపోతోంది. వేడీ చల్లదనం మారుతూ ఉంటే ఇది ఎక్కువవుతుంది. కాండెలిల్లాను 1 గ్రా. పెంచి, ట్రైగ్లిసరైడ్‌ను 1 గ్రా. తగ్గించండి. ఒకే రకం మైనంతో చేసిన క్రీములకు ఈ జబ్బు త్వరగా వస్తుంది, మూడు మైనాలు పెట్టింది అందుకే.

క్రీమ్‌ను వేలితో రుద్దేకొద్దీ రంగు మారితే: పిగ్మెంట్ పూర్తిగా విడిపోలేదు, మీ వేలే ఇప్పుడు మిగతా నూరుడు పని చేస్తోంది. కరిగించి సరిచేయడం వృథా. మళ్ళీ పేస్ట్ దశ నుంచి రావాలి.

క్రీమ్ మీద పౌడర్ వేయడం

పొడి, క్రీమ్ కలిసే చోటే చాలా మేకప్‌లు చెడతాయి. పౌడర్ చేసే పని కింది క్రీమ్‌లోని వదులు నూనెను తాగి దాన్ని కదలకుండా పట్టడం. అందుకే వేసే పౌడర్ కొలత క్రీమ్ మందాన్నిబట్టి ఉండాలి.

క్రీమ్‌ను పలుచగా పూసి, రెండు మూడు నిమిషాలు వదలండి, ముఖం వేడికి నూనె సమంగా పరుచుకుంటుంది. ముడతల్లో చేరిన క్రీమ్‌ను స్పాంజితో తట్టి తీసేయండి. పఫ్‌లో పౌడర్ తీసుకుని రెండు అంచులూ మడిచి రుద్దితే పొడి పఫ్ లోపలికి దిగుతుంది, పైన తేలుతున్నది రాలిపోతుంది. తర్వాత పఫ్‌ను ముఖం మీద నొక్కి ఎత్తండి. రుద్దకండి. రుద్దితే ఇంకా పచ్చిగా ఉన్న క్రీమ్‌ను పొడి రేణువులు గీకి చారలు చేస్తాయి. ముందు నుదురు, ముక్కు, గడ్డం. కళ్ళ కింద మిగిలినదే సరిపోతుంది, అక్కడ నూనె తక్కువ, చర్మం కదలిక ఎక్కువ. పది నిమిషాలాగి అద్దంలో చూస్తే పొడి ఎక్కువైన చోటు సున్నంలా తేలి కనిపిస్తుంది. దాని మీద మరో పొర వేయకుండా, మెత్తటి పొడి బ్రష్‌తో ఒక్కసారి తేలిగ్గా దులిపితే చాలు. నూనె తాగని రేణువులు మాత్రమే ఊడివస్తాయి.